మీకు తెలుసా? యంత్రం పక్కనున్న మనిషి మాట

ఉద్యోగుల తరఫున మాట్లాడే మనిషి ఒకరు లోపల ఉంటే కంపెనీ పని పుంజుకుంటుందా, కుంటుపడుతుందా? యాజమాన్యాన్ని అడిగితే ఒక జవాబు, గేట్ మీటింగులో అడిగితే ఇంకో జవాబు వస్తుంది. ఇద్దరి నినాదాలనూ కాసేపు పక్కనపెట్టి, జరిగిన సంగతులేమిటో చూద్దాం.

అదే గేటు, అదే మనుషులు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఓ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఏ రోజు చూసినా ఐదుగురిలో ఒకరు డ్యూటీకి వచ్చేవారు కాదు. యూనియన్ పెట్టిన ఫిర్యాదులు తేలకుండా వేలల్లో పేరుకుపోయాయి. కార్మికులకూ సూపర్‌వైజర్లకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1982లో కంపెనీ ఆ ఫ్యాక్టరీకి తాళం వేసింది.

రెండేళ్ల తర్వాత టయోటా, జనరల్ మోటార్స్ కలిసి ‘నమ్మీ’ పేరుతో అదే ఫ్యాక్టరీని తెరిచాయి. కొత్తగా చేర్చుకున్నవాళ్లలో దాదాపు 85 శాతం పాత ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే. యూనియన్ పాతదే, దాని నాయకులూ పాతవాళ్లే. ఇంత గొడవ పడిన మనుషుల్ని మళ్లీ ఎవరైనా పనిలో పెట్టుకుంటారా అని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు.

ఈసారి యూనియన్‌తో రాసుకున్న ఒప్పందం వేరు. కంపెనీ ఉనికికే ముప్పు వస్తే తప్ప ఎవరినీ తీసేయకూడదు. అలాంటి రోజు వచ్చినా ముందు పై అధికారుల జీతాలు తగ్గించాలి, బయటికిచ్చిన కాంట్రాక్టు పనుల్ని లోపలికి తెచ్చుకోవాలి. లైను పక్కనే ఒక తాడు వేలాడదీశారు. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా ఆ తాడు లాగొచ్చు. అక్కడికక్కడ సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. పాత రోజుల్లో లైను ఆపడమంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే. ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచే స్టాప్‌వాచీ కూడా ఇంజినీర్ల చేతిలోంచి కార్మికుల చేతికి వచ్చింది. తమ పని ఎలా చేస్తే తేలికవుతుందో వాళ్లే కొలుచుకుని వాళ్లే రాసుకున్నారు.

డ్యూటీకి రానివారి శాతం మూడు, నాలుగుకు దిగింది. నమ్మీని దగ్గరుండి చూసిన పరిశోధకుడు పాల్ ఆడ్లర్ లెక్క ప్రకారం 1986 చివరికల్లా ఉత్పాదకత పాత ఫ్యాక్టరీకి రెట్టింపు దాటింది. 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు ఒప్పందంలోని మాటకు అసలు పరీక్ష వచ్చింది. కంపెనీ ఒక్కరినీ పంపేయలేదు. ఖాళీగా ఉన్నవాళ్లకు శిక్షణ ఇచ్చింది.

ఈ ఘనతంతా యూనియన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. టయోటా ఉత్పత్తి విధానం బలం అందులో చాలా ఉంది. కానీ తాడు లాగినవాడి ఉద్యోగానికి పూచీ లేకపోతే ఆ తాడు ఎవరు లాగుతారు? విధానం జపాన్ నుంచి వచ్చింది. భయం లేకుండా దాన్ని వాడుకునే భరోసా ఒప్పందం నుంచి వచ్చింది. నమ్మీ 2010 ఏప్రిల్‌లో మూతపడింది. ఇప్పుడు ఆ ఆవరణలో టెస్లా కార్లు తయారవుతున్నాయి.

టైర్లలో కనిపించిన తగాదా

2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంది. బండి వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడిపోయి ప్రమాదాలు జరిగాయి. రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి.

ఆ టైర్లలో చాలానే ఇల్లినాయ్ రాష్ట్రం డెకేటర్ ఫ్యాక్టరీలో తయారైనవి. అక్కడ 1994లో యాజమాన్యం ఎనిమిది గంటల షిఫ్టును పన్నెండు గంటలు చేస్తామంది. కొత్తగా చేరేవాళ్లకు జీతం బాగా తగ్గిస్తామంది. జూలైలో సమ్మె మొదలైంది. సమ్మె చేసినవాళ్ల స్థానంలో కంపెనీ కొత్తవాళ్లను తెచ్చిపెట్టింది. గొడవ 1996 చివరి దాకా సాగింది.

ఏ నెలలో తయారైన టైరు ఎక్కువగా పాడైందో ఆర్థికవేత్తలు అలన్ క్రూగర్, అలెగ్జాండర్ మాస్ లెక్క తీశారు. 2004లో అచ్చయిన వాళ్ల పరిశోధనలో లోపాలు రెండు చోట్ల పోగుపడి కనిపించాయి. ఒకటి, సమ్మెకు ముందు యాజమాన్యం ఆ షరతులు పెట్టిన నెలలు. రెండోది, తిరిగొచ్చిన పాతవాళ్లూ, వాళ్ల స్థానంలో వచ్చిన కొత్తవాళ్లూ పక్కపక్కన నిలబడి పనిచేసిన నెలలు. కొత్తవాళ్లకు పని రాకపోవడం వల్లే ఇదంతా జరిగిందనడానికి లెక్క కుదరలేదు. మనసు విరిగిన చోట చెయ్యి కూడా కుదురుగా పనిచేయదని ఇంతకంటే బాధాకరంగా చూపించిన ఉదాహరణ నాకు తెలియదు.

క్యాటర్‌పిల్లర్ యంత్రాల మీద కూడా మాస్ ఇలాంటి పరిశీలనే చేశారు. గొడవల కాలంలో గొడవలున్న ఫ్యాక్టరీల్లో తయారైన యంత్రాలు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో తక్కువ ధర పలికాయి.

వెళ్లిపోవడం, అడగడం

నచ్చనప్పుడు మనిషి ముందు రెండే దారులుంటాయని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పుస్తకం రాశారు. నోరు విప్పి అడగడం ఒకటి, వదిలేసి వెళ్లిపోవడం ఇంకొకటి. ఈ ఆలోచన ఆయనకు నైజీరియా రైళ్లను చూసినప్పుడు వచ్చింది. విసిగిన వ్యాపారులు అడగడం మానేసి సరుకును లారీలకు ఎక్కించేశారు. గట్టిగా అడిగేవాళ్లు వెళ్లిపోయాక రైళ్లను బాగుచేయాలన్న ఒత్తిడే లేకుండా పోయింది.

ఫ్యాక్టరీకి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. నైపుణ్యం ఉన్నవాడు అడిగే వీల్లేక వెళ్లిపోతే, అతని చేతిలోని పనితనం కూడా అతనితోనే గేటు దాటుతుంది. రిచర్డ్ ఫ్రీమన్, జేమ్స్ మెడాఫ్ 1984లో కార్మిక సంఘాల మీద రాసిన పుస్తకానికి ఈ ఆలోచనే పునాది. సంఘానికి రెండు ముఖాలున్నాయన్నారు వాళ్లు. బేరమాడి ఎక్కువ జీతం రాబట్టేది ఒకటి. కార్మికుల గొంతును పైకి చేర్చేది ఇంకొకటి.

దీన్ని మనకు దగ్గర్లోనే పరీక్షించి చూశారు. బెంగళూరు ప్రాంతంలో ఒక పెద్ద దుస్తుల కంపెనీలో కార్మికులు అనుకున్నంత జీతం పెరగలేదు. వాళ్లలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని జీతం గురించి, సూపర్‌వైజర్ గురించి, పని పరిస్థితుల గురించి ఏమనుకుంటున్నారో అడిగారు. అంతే, జీతం ఒక్క రూపాయి కూడా పెంచలేదు. అయినా అడగనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఉద్యోగం మానేసినవాళ్లు దాదాపు 20 శాతం తక్కువ. అడగనిదే అమ్మయినా పెట్టదంటాం కదా. ఇక్కడ అడిగే వీలు దొరకడమే సగం ఊరట అయింది. మిగతా సగం ఊరట ఇవ్వడం యాజమాన్యం పని. ఏళ్ల తరబడి అడిగించుకుంటూ ఏమీ చేయకపోతే ఈ ఇరవై శాతం నిలబడుతుందని నేననుకోను.

ఐదుగురుంటే చాలు

జర్మనీలో ఐదుగురు శాశ్వత ఉద్యోగులున్న చోట కూడా ఉద్యోగుల మండలిని ఎన్నుకునే హక్కు ఉంది. దీనికి మొదటి చట్టం 1920లో వచ్చింది. నాజీలు రద్దు చేశారు, యుద్ధం తర్వాత తిరిగి నిలబడింది. ఈ మండలి సమ్మెకు పిలుపు ఇవ్వకూడదు. కానీ మండలి అభిప్రాయం అడగకుండా ఒకరిని ఉద్యోగం నుంచి తీసేస్తే ఆ తొలగింపే చెల్లదు. ఓవర్‌టైమ్, సెలవుల పట్టిక, ఉద్యోగుల మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్, వీటిలో ఏది తేవాలన్నా మండలి ఒప్పుకోవాలి. 200 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో కనీసం ఒక సభ్యుడు మామూలు డ్యూటీ చేయనక్కర్లేదు, జీతం మాత్రం వస్తుంది. ఓటు వేయడానికి జర్మన్ పౌరసత్వం అక్కర్లేదు కాబట్టి అక్కడ పనిచేసే తెలుగు ఇంజినీర్లకూ ఓటుంది. నాలుగేళ్లకోసారి, మార్చి-మే నెలల మధ్య ఈ ఎన్నికలు జరుగుతాయి.

2009లో ప్రపంచ మాంద్యం తాకినప్పుడు జర్మనీ స్థూల దేశీయోత్పత్తి ఒక్క ఏడాదిలో 5 శాతానికి పైగా పడిపోయింది. నిరుద్యోగం మాత్రం పెద్దగా పెరగలేదు. పని గంటలు తగ్గించి, పోయిన జీతంలో కొంత ప్రభుత్వం భరించే పద్ధతిలో ఒక దశలో పది లక్షలకు పైగా మంది పనిచేశారు. ఏ విభాగంలో ఎవరి గంటలు ఎంత తగ్గించాలన్నది మండళ్లతో కూర్చుని తేల్చుకున్నారు. గిరాకీ తిరిగొచ్చేసరికి పని తెలిసిన మనుషులు ఫ్యాక్టరీలోనే ఉన్నారు.

లెక్కలు ఏమంటున్నాయి?

జర్మనీలో పెద్ద కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లోనూ ఉద్యోగులు కూర్చుంటారు. 2,000 మంది దాటితే సగం కుర్చీలు వాళ్లవి. సరిసమానంగా ఓట్లు పడితే అధ్యక్షుడి రెండో ఓటుతో తేలుతుంది, ఆ అధ్యక్షుడు సాధారణంగా వాటాదారుల మనిషే. ఇలాంటి బోర్డున్న కంపెనీలో పెట్టుబడి పెట్టడానికి ఎవరొస్తారన్న భయం పాతది.

ఆ భయం ఎంతవరకు నిజమో చూడటానికి 1994లో అనుకోకుండా వీలు చిక్కింది. ఆ ఏడాది ఆగస్టు 10 తర్వాత నమోదైన చిన్న జాయింట్ స్టాక్ కంపెనీలకు బోర్డులో మూడో వంతు కుర్చీలు ఉద్యోగులకివ్వాలన్న నిబంధన తీసేశారు. అంతకుముందు నమోదైనవాటికి అలాగే ఉంచారు. ఆ తేదీకి ఇటూ అటూ నమోదైన కంపెనీలను సైమన్ యేగర్, బెంజమిన్ షోఫర్, యోర్గ్ హైనింగ్ పోల్చి చూశారు. 2021లో వెలువడిన వాళ్ల ఫలితాల ప్రకారం, ఉద్యోగులు బోర్డులో ఉన్న కంపెనీల్లో జీతాలు ప్రత్యేకంగా పెరగలేదు. పెట్టుబడి తగ్గలేదు సరికదా, యంత్రాల మీదా ఆస్తుల మీదా పెరిగింది.

నార్వేలో సంఘ చందా మీద పన్ను రాయితీ పెరగడంతో సభ్యత్వం చౌకైంది. ఆ మార్పును ఆధారంగా తీసుకుని చేసిన అధ్యయనంలో సంఘ సభ్యులు పెరిగిన సంస్థల్లో ఉత్పాదకత కూడా పెరిగినట్టు తేలింది. ఫిన్లాండ్‌లో కార్మికుల ప్రాతినిధ్యం మీద చేసిన పరిశీలనలో పెద్ద లాభమూ కనిపించలేదు, నష్టమూ కనిపించలేదు.

మన దేశం గురించి టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2004లో వేరే మాట చెప్పారు. కార్మికుల వైపు మొగ్గి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించిన రాష్ట్రాల్లో నమోదిత పరిశ్రమల ఉత్పత్తి వెనకబడిందన్నారు. ఆ లెక్కలో పశ్చిమ బెంగాల్ కార్మికుల పక్షం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ యాజమాన్యాల పక్షం. రాష్ట్రాలను విడదీసిన తీరు మీద తర్వాత గట్టి విమర్శలొచ్చాయి. పైగా అది చట్టాల సంగతి. కార్మికుల ప్రతినిధిని చర్చల బల్ల దగ్గర కూర్చోబెట్టడం వేరే సంగతి. ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. ప్రాతినిధ్యం దానంతటదే ఉత్పత్తిని పెంచే మంత్రం కాదు. కంపెనీలు భయపడేంత నష్టం మాత్రం జర్మనీ, నార్వే, ఫిన్లాండ్ అధ్యయనాల్లో కనిపించలేదు. ఆ నష్టం ప్రతినిధి మాటను తోసిపుచ్చిన చోట కనిపిస్తోంది, డెకేటర్‌లో కనిపించినట్టు.

మూడు సూత్రాలు

జపాన్‌లో 1955లో ఉత్పాదకతా ఉద్యమం మొదలుపెట్టినప్పుడు మూడు సూత్రాలు రాసుకున్నారు. ఉద్యోగాలు పోకుండా చూడాలి. కార్మికులు, యాజమాన్యం కలిసి సంప్రదించుకోవాలి. పెరిగిన ఫలితాన్ని న్యాయంగా పంచుకోవాలి. టయోటాలో పెద్ద సమ్మె జరిగి అప్పటికి ఐదేళ్లే అయింది.

దివాలా అంచున యూనియన్ నాయకుడు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం మాన్స్‌ఫీల్డ్‌లో 1930లలో ఒక ఉక్కు కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. అక్కడి స్థానిక యూనియన్ అధ్యక్షుడు జోసెఫ్ స్కాన్లన్. కార్మికుడు కాకముందు ఖర్చుల లెక్కలు చూసే పని చేశాడు. వృథా ఎక్కడ జరుగుతోందో కార్మికులే చెబుతారు, దాన్ని తగ్గిస్తే మిగిలిన సొమ్ములో వాళ్లకూ వాటా ఇవ్వండి అని ఆయన ప్రతిపాదించాడు. కంపెనీ నిలబడింది. తర్వాత మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ఆయన్ను పాఠాలు చెప్పడానికి పిలిచింది. ‘స్కాన్లన్ ప్లాన్’ పేరు నేటికీ మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

విమానం త్వరగా లేవాలంటే

అమెరికా విమాన సంస్థల్లో సౌత్‌వెస్ట్ ఉద్యోగుల్లో అత్యధికులు సంఘ సభ్యులు. దిగిన విమానాన్ని చకచకా సిద్ధం చేసి మళ్లీ పంపడంలో పేరు తెచ్చుకున్నదీ ఆ సంస్థే. 1973 నుంచి 2019 దాకా వరసగా 47 ఏళ్లు లాభాల్లో నడిచింది.

బాయి మీద ఓటు

తెలుగు నేల మీద ఈ సంగతి మాట్లాడాలంటే సింగరేణి బొగ్గు గనులకు పోవాల్సిందే. 1990ల మొదట్లో సింగరేణి నష్టాల్లో కూరుకుపోయింది. ఖాయిలా పరిశ్రమల బోర్డు దాకా వెళ్లింది. సంఘాలు ఎన్నో, ఎవరితో మాట్లాడి ఒప్పందం చేసుకుంటే అది నిలుస్తుందో తెలియని స్థితి. ఒక బాయి (బొగ్గు గని) మీద చిన్న విషయానికి మొదలైన సమ్మె పక్క బాయికి పాకేది. బొగ్గు బయటికి రాని షిఫ్టులకు లెక్కే లేదు.

1998లో రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘం ఎన్నిక పెట్టారు. కార్మికులు ఎన్నుకున్న సంఘంతోనే యాజమాన్యం చర్చిస్తుంది. ఆ తర్వాతి కాలంలో సమ్మెలు తగ్గాయి, కంపెనీ లాభాల బాట పట్టింది. ఆర్థిక సాయం, అప్పుల సర్దుబాటు కూడా అదే సమయంలో జరిగాయి కాబట్టి ఎన్నికల వల్లే అంతా మారిందనలేం. అయితే ఎవరితో మాట్లాడాలో తెలియడం ఎంత పెద్ద మేలో కోల్‌బెల్టులో పనిచేసిన ఏ అధికారినడిగినా చెబుతారు. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికలో 39 వేలకు పైగా ఓటర్లున్నారు. ఏఐటీయూసీ గుర్తింపు సంఘంగా గెలిచింది.

ఆ చర్చల బల్ల మీదికి లాభాల్లో వాటా అనే మాట కూడా వచ్చింది. 2023-24 లాభాల నుంచి విస్తరణకు పక్కనపెట్టగా మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. అప్పుడే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున వచ్చింది 1.90 లక్షలు. ఈ తేడా వెనక చాలా కారణాలుండొచ్చు. ఒక కారణం మాత్రం కళ్లెదుటే ఉంది. గుర్తింపు ఎన్నికలో కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. అదే దుమ్ములో, అదే వేడిలో పనిచేసేవాళ్లకు అడిగే మనిషి లేకపోతే ఏమవుతుందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. ఇది సరిచేయాల్సిన అన్యాయం.

గనుల నిబంధనల్లో ఒక మంచి ఏర్పాటుంది. 500 మంది, అంతకు మించి పనిచేసే గనిలో కార్మికుల తరఫున ‘వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్’ ఉండాలి. పైకప్పు ఎలా ఉంది, గాలి ఆడుతోందా, యంత్రాలు క్షేమమేనా అని చూసి ఆయన రిజిస్టర్‌లో రాస్తాడు. ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే మేనేజర్‌కు వెంటనే చెప్పాలి. ఫ్రీమాంట్‌లో లైను పక్కన వేలాడిన తాడుకు ఇది మన గనుల్లోని రూపం. బొగ్గు పెళ్ల కదిలే చప్పుడు ముందు వినేది దాని కింద నిలబడ్డవాడే కదా.

‘గిరి విధానం’

మన దేశపు నాలుగో రాష్ట్రపతి వి.వి.గిరి రాజకీయాలకు వచ్చింది కార్మిక ఉద్యమం నుంచి. బరంపురంలో పుట్టిన ఈ తెలుగువారు బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక తగాదాలను ట్రిబ్యునళ్లకు ఈడ్చడం కంటే కార్మికులు, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం మేలని వాదించారు. దానికి ‘గిరి విధానం’ అని పేరొచ్చింది. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.

37 రోజులు

2024 సెప్టెంబర్ 9న చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో శాంసంగ్ ఫ్యాక్టరీ కార్మికులు సమ్మెకు దిగారు. జీతం డిమాండ్లున్నా, ముఖ్యమైన కోరిక తమ సంఘాన్ని గుర్తించమని. సమ్మె 37 రోజులు నడిచింది. ఆ సంఘానికి 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ దక్కింది. మొదటి రోజే కూర్చుని మాట్లాడి ఉంటే ఆ 37 రోజుల ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, జీతాలు ఎవరికీ పోయేవి కావు.

20 మంది ఉంటే

100 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఇరువైపుల వారితో వర్క్స్ కమిటీ వేయించే ఏర్పాటు మన చట్టంలో 1947 నుంచే ఉంది. 1976లో 42వ సవరణతో యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం రాజ్యాంగంలోకి, 43ఎ అధికరణంగా ఎక్కింది. చాలా చోట్ల ఇవి కాగితాల మీదే మిగిలాయి. ఇప్పుడు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం తరఫున ఎంతమందో కార్మికుల తరఫునా అంతమంది ఉండాలి. పనిచేసే ఆడవాళ్ల సంఖ్యకు తగ్గట్టు కమిటీలో ఆడవాళ్లుండాలి. వచ్చిన ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చాలి.

మీరు పనిచేసే ఫ్యాక్టరీలో, షోరూమ్‌లో, ఆసుపత్రిలో 20 మంది, అంతకు మించి కార్మికులున్నారా? అక్కడ ఈ కమిటీ ఉందో లేదో, అందులో మీ తరఫున కూర్చున్నది ఎవరో ఈ వారంలోనే కనుక్కోండి. లేదంటే, వేయమని రాతపూర్వకంగా అడగండి.